సున్నా తప్పుల ఆసుపత్రిని నమ్మవచ్చా?

80 బన్నూరులో ఒక గర్భిణికి రాత్రివేళ రక్తపోటు పెరిగిందనుకుందాం. ఇంట్లోవాళ్లు ముందు పిలిచేది ఆశా కార్యకర్తను. ఆశా ఏఎన్‌ఎంకు ఫోను చేస్తుంది. ఏఎన్‌ఎం జూపాడు బంగ్లా పీహెచ్‌సీకి చెబుతుంది. 108 వస్తుంది. కర్నూలు–గుంటూరు రోడ్డెక్కి నందికొట్కూరు ప్రభుత్వాసుపత్రికి, అక్కడ కాదంటే కర్నూలు పెద్దాసుపత్రికి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక మండలం కాగితాల్లో నంద్యాల కిందికి వచ్చింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం బండి ఏ దారి పడుతుందన్నది ఆ పూట ఎక్కడ డాక్టరు, ఎక్కడ రక్తం దొరుకుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆశా, ఏఎన్‌ఎం, పీహెచ్‌సీ, 108, నందికొట్కూరు, కర్నూలు. మొత్తం ఆరు చేతులు, అయిదు అప్పగింతలు. ప్రతి అప్పగింతలోనూ చెప్పవలసిన సంగతి నూటికి 95 పాళ్లు సరిగ్గా అందిందనే అనుకుందాం. 0.95ను అయిదుసార్లు హెచ్చిస్తే 0.77 వస్తుంది. అంటే కర్నూలు చేరేసరికి సమాచారంలో దాదాపు నాలుగో వంతు దారిలోనే జారిపోయింది. ఫిట్స్ రాకుండా ఇచ్చిన ఇంజెక్షను ఏ గంటకు పడింది, ఏ మందు పడదని చెప్పారు, పోయిన కాన్పులో ఏం జరిగింది... పోయిన నాలుగో వంతులో ఇవే ఉండవచ్చు. ఆ ఆరుగురిలో ఒక్కరూ నిర్లక్ష్యంగా లేరు. అందరూ పని చేశారు, అయినా రోగికి ముప్పు వచ్చింది.

రోగి భద్రత అనే చర్చ మొదలయ్యేది ఇక్కడే. డాక్టరు ఎంత గొప్పవాడన్నది ఒక ప్రశ్న. ఆ డాక్టరు పొరబడినప్పుడు పక్కనున్నవాళ్లు ఆపగలరా, పొరబాటు జరిగాక దాన్ని రాసుకుంటారా, రాసింది చదివి పద్ధతి మారుస్తారా అన్నవి మరో మూడు ప్రశ్నలు. ఈ మూడింటికీ ఒక ఆసుపత్రి రోజువారీగా ఇచ్చే జవాబునే భద్రతా సంస్కృతి అంటారు. అది కంటికి కనిపించదు. కొన్ని అంకెల్లో మాత్రం బయటపడుతుంది.

పది మందిలో ఒకరు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆసుపత్రి సేవలు పొందే ప్రతి పది మందిలో దాదాపు ఒకరికి ఆ సేవల వల్లనే ఏదో ఒక హాని జరుగుతోంది. ఏటా 30 లక్షల మందికి పైగా దీనివల్ల చనిపోతున్నారు. జరిగే హానిలో సగానికి పైగా నివారించదగినదే. ఒకరి మందు మరొకరికి పడటం, ఆపరేషన్ తర్వాత చీము పట్టడం, రక్తం మారిపోవడం, మంచం మీది నుంచి పడిపోవడం, జబ్బును ఆలస్యంగా గుర్తించడం, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఆసుపత్రిలో అంటుకునే ఇన్‌ఫెక్షన్ల సంగతి చూస్తే దేశాల మధ్య తేడా తెలుస్తుంది. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో ఏడుగురికి, మనలాంటి దేశాల్లో 15 మందికి చేరినప్పుడు లేని ఇన్‌ఫెక్షన్ కొత్తగా వస్తోందని 2022లో ఆ సంస్థే ప్రకటించింది.

ఇది పేద దేశాల జబ్బు మాత్రమే అనుకోనక్కరలేదు. ఈ విషయం మీద ప్రపంచం కళ్లు తెరిచింది అమెరికా లెక్కతోనే. 1999లో అక్కడి వైద్య సంస్థ ఒకటి వెలువరించిన నివేదిక, ఆ దేశపు ఆసుపత్రుల్లో పొరబాట్ల వల్ల ఏటా 44,000 నుంచి 98,000 మంది చనిపోతున్నారని అంచనా వేసింది. రోడ్డు ప్రమాదాల్లో పోయేవారి కంటే ఎక్కువన్న మాట పత్రికల్లో పతాక శీర్షిక అయింది. రోగి భద్రత ఒక శాస్త్రంగా వేగం అందుకున్నది ఆ తర్వాతే. 2019 నుంచి సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2018–2025 కాలానికి జాతీయ రోగి భద్రతా అమలు ప్రణాళికను ప్రకటించింది.

34 మందిలో నలుగురు

మన ఇళ్లకు బాగా దగ్గరైన ఆపరేషన్ కుటుంబ నియంత్రణది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశంలో ఇదే అత్యధికం. జబ్బేమీ లేని ఆరోగ్యవంతురాలు తన కాళ్ల మీద నడిచి వచ్చి బల్లెక్కే ఆపరేషన్ ఇది. కాబట్టి ఇందులో ప్రాణం పోతే 'రోగం ముదిరింది' అని తప్పించుకోవడానికి దారి ఉండదు.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజే 34 మందికి లాప్రోస్కోపీతో ఈ ఆపరేషన్ చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతావారిని హడావిడిగా హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులకు తరలించి కాపాడుకోవలసి వచ్చింది. విచారణ ఇన్‌ఫెక్షన్ వైపే వేలు చూపింది. సూపరింటెండెంట్ మీద వేటు పడింది, జిల్లా అధికారులు బదిలీ అయ్యారు.

వేటు గురించి పత్రికలన్నీ రాశాయి. అంతకంటే పనికొచ్చే లెక్క ఒకటుంది. లాప్రోస్కోపును ఒకరికి వాడాక మరొకరికి వాడే ముందు 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు నానబెట్టాలి. ఒకే పరికరం ఉన్నచోట, మొదటి కేసుకు అది సిద్ధంగా ఉందనుకున్నా, మిగతా 33 కేసుల ముందు నానబెట్టడానికే 660 నిమిషాలు, అంటే 11 గంటలు కావాలి. మూడు పరికరాలున్నా ఒక్కోదానికి దాదాపు మూడున్నర గంటలు నానడానికే పోతాయి. ఇందులో కడగడం, తుడవడం, ఆపరేషన్ కలపలేదు. ఇది ఏ ఆసుపత్రి మీదా ఆరోపణ కాదు, ఉత్త లెక్క. ఎక్కడ శిబిరం పెట్టినా, 'ఇన్ని పరికరాలతో ఇంతమందికి ఇన్ని గంటల్లో సాధ్యమేనా?' అని ముందురోజే కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఈ లెక్క వేయకపోతే ఏమవుతుందో దేశానికి అప్పటికే తెలుసు. 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో ఒకే సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. 13 మంది తల్లులు చనిపోయారు. ఒక బృందం మూడు లాప్రోస్కోపులతో రోజుకు 30కి మించి చేయరాదన్న మార్గదర్శకం అప్పటికే ఉంది. ఒకే పరికరంతో 83 కేసులు నియమం ప్రకారం చేయాలంటే నానబెట్టడానికే 27 గంటల 20 నిమిషాలు పడుతుంది. రోజుకున్నవి 24 గంటలే. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న తీర్పిస్తూ, మూడేళ్లలోగా ఇలాంటి శిబిరాలకు స్వస్తి పలకాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గడువు ముగిసి దాదాపు మూడేళ్లయ్యాక ఇబ్రహీంపట్నం ఘటన జరిగింది.

ఆ 34 మంది వరుసలో పన్నెండో మనిషి బల్లెక్కేటప్పుడు, 'సార్, పరికరం నాని ఇంకా పది నిమిషాలే అయింది, ఆగుదాం' అని ఒక స్టాఫ్‌నర్సు చెప్పగలిగే వాతావరణం ఉందా? టార్గెట్ పూర్తి కాలేదని పైనుంచి ఫోన్లు వస్తున్న రోజున కూడా చెప్పగలదా? భద్రతా సంస్కృతికి పరీక్ష ఇదే.

19 రోజులు

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. సరఫరా తిరిగి అందడానికి పట్టిన ఆలస్యం అయిదు నిమిషాల వరకని అధికారులు చెప్పారు. అధికారిక లెక్క ప్రకారం ఐసీయూలో 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు.

అయిదు నిమిషాలు, పదకొండు ప్రాణాలు. ఈ రెండు అంకెలే అందరికీ గుర్తుండిపోయాయి. వాటి పక్కన మూడో అంకె కూడా పెట్టాలి. మహారాష్ట్రలోని నాసిక్‌లో ఆక్సిజన్ ట్యాంకు లీకై ఒక్క రోజే 22 మంది చనిపోయింది ఏప్రిల్ 21న. కర్ణాటకలోని చామరాజనగర్‌లో ఆక్సిజన్ అందక, తొలి అధికారిక లెక్క ప్రకారం, 24 మంది చనిపోయింది మే 2–3 తేదీల్లో. నాసిక్ నుంచి తిరుపతికి 19 రోజుల వ్యవధి ఉంది. అవి దేశమంతా ట్యాంకర్ల కోసం కొట్టుకుంటున్న రోజులన్నది నిజమే. కానీ ట్యాంకులో ఎంత మిగిలితే మోగాలో ఆ అలారం పనిచేస్తోందా, ట్యాంకరు రాకముందే సిలిండర్ల వరుసకు మారే బాధ్యత ఈ షిఫ్టులో ఎవరిది అన్న రెండు ప్రశ్నలకు ట్యాంకర్లతో పని లేదు. ఒక ఆసుపత్రి పాఠం మరో ఆసుపత్రికి రెండు వారాల్లో చేరే దారి మనకు లేదు. టీవీలో చూసి బాధపడతాం. మన ట్యాంకు మీటరు ఒకసారి చూసుకుందామన్న ఆదేశంగా ఆ వార్త మారదు.

రెండు మాత్రలు, ఒకే అర

2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వేయమని తల్లులకు మాత్రలిచ్చారు. ఇవ్వవలసింది పారాసిటమాల్. చేతిలో పెట్టింది ట్రమడాల్, అంటే పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పులకు వాడే మందు. పసిప్రాణం పోయింది, పదుల సంఖ్యలో పిల్లలు నీలోఫర్ ఆసుపత్రిలో చేరారు.

వినగానే ఎవరికైనా వచ్చే మాట, 'పేరు చదువుకోలేదా?' అని. చదువుకోవాలి, నిజమే. కానీ ఆ మాత్ర పసిబిడ్డ నోటి దాకా రావాలంటే ఎన్ని చోట్ల ఎవరూ ఆపకపోవాలో లెక్కపెట్టండి. టీకాల గదికి ఆ మందు చేరడం ఒకటి. రెండు మందులూ కలిసిపోయే చోట ఉండటం రెండు. తీసినవారు పేరు చూడకపోవడం మూడు. ఇచ్చేటప్పుడు రెండో మనిషి సరిచూడకపోవడం నాలుగు. తల్లికి మందు పేరు చెప్పి చూపించకపోవడం అయిదు.

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ప్రమాదాలను ఇలాగే వివరించాడు. మన ఇంటి భాషలో చెప్పాలంటే, అయిదు జల్లెడలు ఒకదాని కింద ఒకటి పట్టుకున్నట్లు. ప్రతిదానికీ కంతలుంటాయి, కానీ కంతలు ఒకేచోట ఉండవు కాబట్టి రాయి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. అయిదింటి కంతలూ ఒకే వరుసలోకి వచ్చిన రోజున కిందికి దిగిపోతుంది. ఆ రోజు చివరి జల్లెడ ఎవరి చేతిలో ఉందో వాళ్లను సస్పెండ్ చేస్తాం. పై నాలుగు జల్లెడల కంతలు అలాగే ఉంటాయి, కింద పట్టుకునే మనిషి మాత్రం మారతాడు.

2016 జూన్ చివర హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ తర్వాత 13 మంది కళ్లకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు దొరికిన కారణం కూడా ఇలాంటిదే. ఆపరేషన్‌లో వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణమే కలుషితమై ఉంది. సర్జన్ చేయి ఎంత నేర్పుగలదైనా ఆ బాటిల్ లోపలికి చూడలేదు. బ్యాచ్ నంబరు రాసుకోవడం, పరీక్ష రిపోర్టు వచ్చాకే థియేటర్‌లోకి పంపడం, మొదటి ఫిర్యాదుకే ఆ బ్యాచంతా ఆపేయడం చేయవలసింది వ్యవస్థ.

19 అంశాలు, ఒక్క క్షణం ఆగడం

ఇక్కడి దాకా చూసినవన్నీ చెడు అంకెలు. మంచి అంకెలూ ఉన్నాయి. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో శస్త్రచికిత్సల తనిఖీ పట్టికను విడుదల చేసింది. మత్తు ఇచ్చే ముందు, కత్తి పెట్టే ముందు, రోగి గది దాటే ముందు అందరూ ఒక్క క్షణం ఆగి గట్టిగా చదవాలి. మనిషి ఇతనేనా? కుడి కాలా, ఎడమ కాలా? అనుమతి పత్రం ఉందా? ఏ మందు పడదు? దూది, పరికరాలు లెక్క సరిపోయాయా? గదిలో ఉన్నవారంతా తమ పేరు, పని చెప్పుకోవాలన్నది కూడా అందులో ఒక అంశం. పేరు చెప్పి ఒకసారి నోరు విప్పిన మనిషి, తేడా వచ్చినప్పుడు మళ్లీ నోరు విప్పడానికి అంతగా జంకడన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

న్యూఢిల్లీ సహా ఎనిమిది దేశాల్లోని ఎనిమిది నగరాల్లో దీన్ని పరీక్షించారు. పట్టికకు ముందు 3,733 మందిని, తర్వాత 3,955 మందిని గమనించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, సమస్యలు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. 2009 జనవరిలో ఈ ఫలితం వెలువడ్డాక పట్టిక ప్రపంచమంతా పాకింది.

అయితే కాగితం దానంతటదే ప్రాణాలు కాపాడదని చెప్పే అంకె కూడా మన దేశం నుంచే వచ్చింది. కాన్పుల కోసం తయారుచేసిన ఇలాంటి పట్టికనే ఉత్తరప్రదేశ్‌లో 120 ఆసుపత్రుల్లో, లక్షన్నరకు పైగా కాన్పుల మీద పరీక్షించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. శిక్షకులు పక్కనుండి నేర్పిన రెండో నెలలో చేయవలసిన పనుల్లో 73 శాతం జరిగాయి. పట్టిక లేనిచోట 42 శాతమే. కానీ తల్లీబిడ్డల మరణాలు, తీవ్ర సమస్యలు కలిపి చూస్తే 15.1 శాతం ఒకవైపు, 15.3 ఇంకోవైపు. తేడా లేనట్టే. శిక్షకులు వెళ్లిపోయాక పనుల శాతం కూడా 73 నుంచి 62కు జారింది.

ఈ రెండు ప్రయోగాలను కలిపి చదివితే అసలు సంగతి తెలుస్తుంది. పట్టిక గుర్తుచేస్తుంది. గుర్తొచ్చిన పని చేయడానికి మందు, రక్తం, మనిషి, పై ఆసుపత్రికి సమయానికి వాహనం ఉండాలి. ఇవేవీ లేనిచోట పట్టిక పూర్తిచేయడం టిక్కులు పెట్టడంగా మిగిలిపోతుంది. సిబ్బందిని పెంచకుండా సంస్కృతి గురించి ఉపన్యాసమిస్తే, పనిభారం కింద నలిగే నర్సు నవ్వుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

47 శాతం

కనిపించని సంస్కృతిని కొలిచే పద్ధతి ఒకటుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2004లో 42 ప్రశ్నల సర్వేను తయారుచేసింది. దాన్ని అనేక దేశాలు తమ భాషల్లోకి మార్చుకుని వాడుతున్నాయి. రోగులను కాకుండా సిబ్బందిని అడుగుతారు. 'మీ వార్డులో ఒకరికొకరు సాయపడతారా? పై అధికారి నిర్ణయం తప్పనిపిస్తే అడగగలరా? షిఫ్టు మారేటప్పుడు సంగతులు జారిపోతున్నాయా? పొరబాటు చెబితే అది మీ ఫైలులోకి ఎక్కుతుందని భయమా?' అన్న ధోరణిలో సాగుతుంది.

2018 నివేదికలో అక్కడి 630 ఆసుపత్రుల నుంచి 3.8 లక్షల మంది సిబ్బంది జవాబులున్నాయి. వార్డులో జట్టుగా పనిచేయడం గురించి 82 శాతం మంది సానుకూలంగా చెప్పారు. అప్పగింతల గురించి 48 శాతమే. పొరబాటు చెప్పినా శిక్ష ఉండదన్న నమ్మకం విషయంలో అన్నిటికంటే తక్కువగా 47 శాతం. గడిచిన ఏడాదిలో ఒక్క ఘటన కూడా రిపోర్టు చేయనివారు సగానికి పైగా ఉన్నారు.

డబ్బుకు, యంత్రాలకు కొదవలేని దేశంలో కూడా, పొరబాటు చెప్పినా శిక్ష ఉండదన్న నమ్మకం సగం మందికి కూడా లేదు. భయానికి బడ్జెట్‌తో సంబంధం లేదన్నమాట. అలాగే అప్పగింతలు బాగుచేయడానికి కూడా పెద్ద ఖర్చు అక్కరలేదు. తొమ్మిది ఆసుపత్రుల్లోని పిల్లల వైద్య విభాగాల డాక్టర్లకు ఒకే వరుసలో సంగతులు అప్పగించడం నేర్పితే వైద్య పొరబాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గాయని 2014లో తేలింది. పీహెచ్‌సీ రెఫరల్ చీటీకీ ఇదే సూత్రం సరిపోతుంది. ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందు ఏం జరిగింది, ఏ మందు ఏ గంటకు ఇచ్చాం, మీరు వెంటనే చేయవలసింది ఏమిటి. నాలుగు వరుసలు, ఒక సంతకం, ఒక ఫోను నంబరు. మన లెక్కలో 95ను 99 చేయగలిగితే, అయిదు చేతులు మారినా 77 బదులు 95 పాళ్లు చేరతాయి.

0

ఇక శీర్షికలోని ప్రశ్నకు వద్దాం. ఒక ఆసుపత్రి రిజిస్టరులో 'ఈ నెల పొరబాట్లు: 40' అని, మరోదానిలో '0' అని ఉందనుకోండి. ఎక్కడ చేరతారు?

1990లలో అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ రెండు ఆసుపత్రుల్లోని ఎనిమిది వార్డుల్లో మందుల పొరబాట్లను గమనించారు. జట్టు బాగున్న వార్డుల్లో పొరబాట్లు తక్కువుంటాయని అనుకున్నారు. లెక్కలో ఎక్కువ కనిపించాయి. పరిశీలిస్తే కారణం తెలిసింది. మంచి నాయకత్వం ఉన్నచోట నర్సులు పొరబాటును దాచకుండా చెబుతున్నారు, కాబట్టి నమోదు ఎక్కువ. భయమున్న చోట పొరబాట్లు జరుగుతున్నాయి గానీ కాగితం ఎక్కడం లేదు.

విమానయానం ఈ పాఠం ముందే నేర్చుకుంది. అమెరికాలో 1976 నుంచి నాసా ఒక నివేదికల వ్యవస్థను నడుపుతోంది. ఉద్దేశపూర్వకం కాని ఉల్లంఘనను పైలట్ పది రోజుల్లోగా తానే రాసి పంపితే సాధారణంగా జరిమానా పడదు. నివేదికలు లక్షల్లో వచ్చాయి. ప్రమాదం జరగకుండా కొద్దిలో తప్పిపోయిన ఘటనలే అందులో ఎక్కువ. ఎవరికీ హాని జరగని ఆ ఘటనలే అసలైన బంగారం, ఎందుకంటే పాఠం ఉచితంగా దొరుకుతుంది. వేరొకరి గ్లూకోజు బాటిల్ తగిలించబోయి చివరి క్షణంలో చూసుకున్న నర్సు, 'దేవుడు కాపాడాడు' అనుకుని ఊరుకుంటే ఆ పాఠం ఆమెతోనే పోతుంది. రాస్తే వార్డుకంతా దక్కుతుంది.

సున్నా ఎప్పుడూ అబద్ధమే అని కాదు. మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల్లో రక్తనాళంలో గొట్టం వేసేటప్పుడు అయిదు పనులు తప్పనిసరి చేశారు. ఒక్కటి మానేసినా డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. మూడు నెలల్లో ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు, రోగులకు గొట్టం ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7 నుంచి సున్నాకు పడిపోయింది. 2006లో ప్రచురించిన ఈ సున్నాను నమ్మవచ్చు. ఎందుకంటే వాళ్లు ముందు 2.7 అని ఒప్పుకున్నారు. ఎన్నడూ 2.7 రాయని చోట కనిపించే సున్నాకు విలువ లేదు.

కోటి రూపాయలు, రెండేళ్లు

'అయితే తప్పు చేసినవాళ్లను వదిలేయాలా?' అన్న ప్రశ్న న్యాయమైనదే. 1990లో హైదరాబాదు నిమ్స్‌లో 20 ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి ఛాతీలోని కణితికి ఆపరేషన్ చేశారు. నడుము కింది భాగం చచ్చుబడింది. ముక్క తీసి పరీక్షించడానికి తీసుకున్న అనుమతితో కణితినే తొలగించారని, న్యూరోసర్జన్ లేకుండానే చేశారని తేల్చిన సుప్రీంకోర్టు 2009 మే 14న కోటి రూపాయల పరిహారం ఇప్పించింది. న్యాయం దక్కడానికి పట్టింది దాదాపు 19 ఏళ్లు. అనుమతి, హాజరు కావలసిన నిపుణులు, ఈ రెండూ ఇప్పుడు ఆపరేషన్‌కు ముందే అడిగి తేల్చుకోదగ్గ ప్రశ్నలు.

క్రిమినల్ కేసు పెట్టాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా, చికిత్స చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరైతే రెండేళ్ల దాకా జైలు. కాబట్టి శిక్షకు చట్టంలో చోటుంది, ఉండాలి కూడా. తాగి డ్యూటీకి వచ్చినవాడిని, రికార్డు దిద్దినవాడిని క్షమించమని ఏ భద్రతా శాస్త్రమూ చెప్పదు. అది అడిగేదల్లా ఒక్కటే. అలసటలో చేయి తప్పినవారిని, అడ్డదారి అలవాటైనవారిని, తెలిసి తెగించినవారిని ఒకే గాటన కట్టవద్దు. మొదటివారికి పద్ధతి మార్చాలి, రెండోవారికి నేర్పాలి, మూడోవారికి శిక్ష వేయాలి.

శిక్షను పక్కనపెట్టి నేర్చుకున్న రాష్ట్రం మన దక్షిణాదిలోనే ఉంది. కేరళలో స్త్రీ వైద్య నిపుణుల సంఘం 2004 నుంచి ప్రసూతి మరణాలను పేర్లు తీసేసి గోప్యంగా సమీక్షిస్తోంది. ఎవరు చంపారని కాకుండా ఎక్కడ ఆలస్యమైందని చూస్తుంది. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. అక్షరాస్యత, ఆదాయం, ఆసుపత్రుల సంఖ్య అన్నీ ఈ తేడాలో ఉన్నాయి. ఆ సమీక్ష కూడా అందులో ఒకటి.

మన చేతిలోని అంకెలు

రోగి వైపు నుంచి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

రెండు: సూది వేసే ముందు, రక్తం ఎక్కించే ముందు సిబ్బంది కనీసం రెండు గుర్తులు సరిచూడాలి. పేరు, ఐపీ నంబరు. మంచం నంబరు గుర్తుగా పనికిరాదు, మంచాలు మారుతుంటాయి. అడగకపోతే మనమే పేరు చెప్పాలి.

20 సెకన్లు: శానిటైజర్‌తో చేతులు రుద్దుకోవడానికి పట్టే కనీస సమయం. 'సిస్టరమ్మా, చేతులు శుభ్రం చేసుకున్నారా?' అని మర్యాదగా అడగడం అవమానం కాదు.

72 గంటలు: రోగి గానీ రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే ఈలోగా వైద్య రికార్డుల నకలు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి.

1800-180-3024: మందు వికటిస్తే ఎవరైనా చెప్పడానికి జాతీయ ఔషధ నిఘా కార్యక్రమపు ఉచిత నంబరు. ఈ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది.

70 శాతం: జాతీయ నాణ్యతా ప్రమాణాల గుర్తింపు కోసం ఒక ప్రభుత్వాసుపత్రి తెచ్చుకోవలసిన మార్కులు. ఎనిమిది విభాగాల్లో లెక్కిస్తారు. ఇన్‌ఫెక్షన్ నియంత్రణ అందులో ఒకటి. మీ ఆసుపత్రికి ఎంత వచ్చిందని అడగవచ్చు.

పాత ఆసుపత్రి కాగితాలన్నీ ఒకే సంచిలో ఉంచుకోవడం, పడని మందు పేరును పెద్ద అక్షరాలతో మొదటి కాగితం మీద రాసుకోవడం ఏ అంకెకూ అందని జాగ్రత్తలు. రోగి సంచి సరిగ్గా ఉంటే అయిదు అప్పగింతల్లో జారిపోయినదాన్ని ఆరో మనిషి మళ్లీ పట్టుకోగలడు.

2023లో నంద్యాలకు 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి ఆత్మకూరు దాకా పల్లెలు పంపే రోగులను ముందుముందు చూడబోయేది అక్కడ చదివే పిల్లలే. మొదటి పోస్టింగులోనే తమ పొరబాటును తామే రిజిస్టరులో రాసి, మర్నాడు తలెత్తుకుని డ్యూటీకి రాగలిగితే, వాళ్ల చేతుల్లోకి వచ్చే రోగికి అంతకంటే పెద్ద భరోసా ఉండదు. ఆ అలవాటును వాళ్లకు ఆసుపత్రులు నేర్పాలి. ఆసుపత్రులను ప్రజాప్రతినిధులు అడగాలి. పీహెచ్‌సీ అభివృద్ధి సంఘం సమావేశాల్లో ఇప్పటిదాకా మందులున్నాయా, డాక్టరు వస్తున్నాడా, ఫ్యాన్లు తిరుగుతున్నాయా అని అడుగుతున్నారు. ఆ వరుసలో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి: ఈ మూడు నెలల్లో ఎన్ని పొరబాట్లు రాశారు? వాటి వల్ల ఏ పద్ధతి మార్చారు? మొదటి ప్రశ్నకు పెద్ద అంకె వస్తే రాసినవారిని మందలించకుండా, రెండో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా సమావేశం ముగించకుండా ఉంటే చాలు.